పాట తెలుసు, పేరు తెలీదు

‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ ఎవులు రాసినారంటే మన కుర్రోళ్లు సగంమంది ‘సినిమా పాట గదా’ అంటారు. కాదర్రా! రాసినాయన వంగపండు ప్రసాదరావు. పార్వతీపురం కాడ పెదబొండపల్లి మనిషి. సింహాచలానికి దూరమేటి కాదు, విశాఖ షిప్‌యార్డులోనే పనిచేసినాడు. జననాట్యమండలిలో గద్దర్‌తో కలిసి ఊరూరా ఆడి పాడినాడు.

‘ఎల్దం’ అంటే వెళ్దాం. బళ్లో నేనలా పలికితే బెత్తం దెబ్బలు పడేవి. అదే మాటని ‘వెళ్దాం’ అని దిద్ది పాడి చూడండి, కాలు లెగదు. యంత్రం ఎనక ఎవుడి రెక్కలున్నాయో చెప్పిన పాటా ఆయనదే. షిప్‌యార్డులో చెమటోడ్చినోడికే అలాటిది తడతాది, నన్నడిగితే.

2020 ఆగస్టు 4న పార్వతీపురంలో పోయినాడు. రీల్స్‌లో ఆ పాట ఎడతన్నారు గదా, కింద వంగపండు అని ఎయ్యడానికి ఎంతసేపు?