సూర్యుడు మంట పెంచితే ఏమవుతుంది?

ఫోన్ మ్యాప్‌లో మీ నీలం చుక్క పక్కవీధిలోకి దూకిందా? చాలాసార్లు ఎత్తైన భవనాలే కారణం. ఒక్కోసారి మాత్రం సూర్యుడు!

చాలా ఎత్తున, ఎండకు గాలి విద్యుత్ కణాలుగా విడిపోతుంది. ఆ పొర పేరు అయనోస్ఫియర్. భూమి అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొసన పోతుంది. పగలు అక్కడ కణాలు పాలపొంగులా పైకి లేచి, రెండు పక్కలకూ ఒలుకుతాయి. ఉత్తరాన భోపాల్, కోల్‌కతా వైపు పోగవుతాయి. మన తెలుగు నేల ఆ దారిలోనే ఉంది.

సూర్యుడు విసిరిన కణాల మేఘం మనకు పగటివేళ భూమిని తాకితే, పొయ్యిమంట ఒక్కసారిగా పెంచినట్టే. పాలు ఇంకా ఎగసిపోతాయి! కొన్ని గంటలకు, అమ్మ నీళ్లు చిలకరించినట్టు, ఆ పొంగు చల్లబడుతుంది కూడా. కణాలు ఇలా చిక్కబడినప్పుడు ఫోన్‌కు వచ్చే ఉపగ్రహ సంకేతం ఆలస్యమవుతుంది, ఫోన్ దూరం తప్పు లెక్కేస్తుంది.

2024 మే 10న సూర్యుడు విసిరిన కణాల వల్ల పెద్ద సౌర తుఫాను వచ్చింది. ఆ రాత్రి లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రగా వెలిగింది.