బుడ్డలు వేగిన వాసన

పిల్లలూ! దసరా సెలవుల్లో నందికొట్కూరు చుట్టుపక్కల పల్లెల్లో తిరిగారా? వానలు వెనకబట్టి శరదృతువు వచ్చేసరికి ఎర్రనేలల్లో వేరుశనగ పీకుతుంటారు. కర్నూలు, నంద్యాల వైపు వాటిని బుడ్డలంటారు. అప్పుడే పీకిన చెట్టును ముక్కు దగ్గర పెట్టుకుంటే మట్టి వాసన. సాయంత్రం అవే బుడ్డలు ఉప్పునీళ్లలో ఉడుకుతుంటే ఇంకో వాసన. ఇసుకలో వేగుతుంటే మాత్రం వీధి చివరిదాకా తెలిసే మూడో వాసన! గింజ ఒక్కటే కదా, వాసనలు మూడెందుకు?

వాసన అంటే గాలిలోకి లేచి మన ముక్కులో చేరిన అణువులే. మొదటి వాసన నిజానికి బుడ్డలది కాదు, వాటికంటిన మట్టిది. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. గ్రీకు భాషలో ఆ పేరుకు భూమి వాసన అనే అర్థం. తొలకరి చినుకు పడ్డప్పుడు వచ్చే కమ్మదనంలోనూ దాని పాలుంది.

ఇక రెండు, మూడు వాసనల సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒకే కుప్పలోంచి రెండు గుప్పెళ్లు తీసుకుని, ఒకదాన్ని ఉడికించండి, రెండోదాన్ని వేయించండి. నీళ్లున్నంతసేపూ గిన్నెలో వేడి సుమారు 100 సెంటీగ్రేడు డిగ్రీలు దాటదు. మంట ఎంత పెంచినా నీళ్లు ఆవిరవుతాయే తప్ప గింజ అంతకంటే వేడెక్కదు. వేయించేటప్పుడు నీటి అడ్డు ఉండదు. 140 డిగ్రీలు దాటాక గింజలోని చక్కెరలు, మాంసకృత్తుల్లో ఉండే అమైనో ఆమ్లాలతో చురుగ్గా కలుస్తాయి. గింజ గోధుమరంగుకు తిరుగుతుంది. పచ్చిగింజలో లేని కొత్త అణువులు పుడతాయి. ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మయార్ వివరించాడు. రొట్టె కాలినా, కాఫీగింజ వేగినా జరిగేది ఇదే.

మరి ఇసుక ఎందుకు? ఒట్టి మూకుడులో అడుగుకు తగిలిన వైపు మాడుతుంది, పైవైపు పచ్చిగా ఉంటుంది. ఇసుక అన్ని వైపులా కమ్ముకుని వేడిని సమంగా పంచుతుంది. బండిమీద అమ్మేవాళ్లకు ఈ కిటుకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

వేయించే ముందు మాత్రం చాటలో పోసి బాగా ఏరాలి. ఇది జేజి చాదస్తం కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోయాయి. వాటికి పెట్టిన దాణాలో బూజు పట్టిన వేరుశనగ చెక్క ఉందని తేలింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసే ఆ విషానికి, బూజు పేరు మీదుగానే, అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. గింజ పట్టే సమయంలో వాన మొహం చాటేసి నేల కాగితే ఈ బూజుకు అనుకూలం. మన సీమకు అది కొత్త సంగతి కాదు! పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు దీనిమీద ఎంతో పని చేశారు.

ఇంత సేపూ ముక్కును పొగిడాం గానీ, ఇక్కడ అది పనికిరాదు. అఫ్లటాక్సిన్‌కు వాసన లేదు, రుచి లేదు. వేయించినా పూర్తిగా పోదు. కనుక కంటితోనే పని. ముడతలు పడ్డవి, రంగు మారినవి, పచ్చటి బూజు కనిపించినవి, చేదుగా తగిలినవి పారేయండి. ఎనుముకు వేద్దామనుకోకండి, విషం పాలలోకీ వస్తుంది. ఇంట్లో దాచే కాయలు బాగా ఎండాలి. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి.

ఏరిన బుడ్డలు వేగాయా? ఆ ఇసుక వేడి వృథా చేయకండి. అదే మన బిస్కెట్ల పొయ్యి! పెద్దవాళ్లను దగ్గర ఉంచుకోండి, కాగిన ఇసుక నీళ్లకంటే ఎక్కువ కాలుస్తుంది. గ్లాసు కొర్రపిండి, అరగ్లాసు వేగిన బుడ్డల పొడి, అరగ్లాసు బెల్లం పొడి కలపండి. ముద్ద కట్టేంత నెయ్యి, చాలకపోతే రెండు చెంచాల పాలు పోయండి. చిన్న బిళ్లలుగా అద్ది పళ్లెంలో పెట్టండి. మందపాటి గిన్నెలో ఇసుక మీద చిన్న పీట ఉంచి, దానిపై పళ్లెం పెట్టి, మూత వేయండి. సన్నని సెగమీద 20 నిమిషాలకు అంచులు ఎర్రబడతాయి. వెంటనే తీస్తే విరుగుతాయి. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే సాగే పదార్థం కొర్రలో లేదు, అందుకే చల్లారనివ్వాలి.

ఈలోగా అయిదు ఖాళీ అగ్గిపెట్టెలు తెచ్చి, రంగు కాగితాలు అంటించి, పైన సూదితో బెజ్జాలు చేయండి. చేనిమట్టి, బంతిరేకులు, ఉడికిన బుడ్డలు, వేగిన బుడ్డలు తలా ఒకదాంట్లో వేయండి. అయిదోది ఖాళీగా ఉంచండి. చెల్లెలికి కళ్లకు గంతలు కట్టి, ఏ పెట్టెలో ఏముందో చెప్పమనండి. ఇంట్లో వేరుశనగ పడనివాళ్లుంటే ఆ రెండు పెట్టెల్లో నిమ్మతొక్క, కరివేపాకు వేసుకోండి. ఖాళీ పెట్టెకు కూడా వాసన ఉందని చెల్లెలు అంటే నవ్వకండి, మీరూ ఓసారి వాసన చూడండి. అగ్గిపుల్లల మందు అంత త్వరగా పెట్టెను వదిలిపోతుందా!