దుంగల ట్రైలర్: తక్కువ ఖర్చులో సొంతంగా చేయించుకోవచ్చా..? ఈ నాలుగు చోట్ల కక్కుర్తి పడితే మాత్రం ప్రాణాలకే ముప్పు!

సుబాబుల్ తోట కొట్టించారు. టన్నుకి రేటు కూడా మాట్లాడుకున్నారు. తీరా చూస్తే లారీ పొలం లోపలికి రాదు. కొట్టిన చోటు నుంచి రోడ్డు దాకా కర్ర మోయాలంటే కూలీ ఖర్చు, లేదంటే ట్రాక్టర్ కిరాయి. రెండూ కలిసి చేతికొచ్చే డబ్బుని తినేస్తాయి. ప్రకాశం, ఎన్టీఆర్, ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో సుబాబుల్, జామాయిల్ వేసిన రైతులకు, కోస్తాలో సరుగుడు వేసిన వాళ్లకు ఈ కష్టం కొత్తేం కాదు.

అందుకే చాలామందికి వచ్చే ఆలోచన ఒక్కటే. పాత ఇరుసు, నాలుగు ఇనుప ఛానళ్లు తెచ్చుకుని ఊళ్లో వెల్డింగ్ షాపులో చిన్న ట్రైలర్ చేయించుకుంటే పోలా..? చేయించుకోవచ్చు. కానీ ఎక్కడ ఖర్చు తగ్గించాలి, ఎక్కడ అస్సలు తగ్గించకూడదు అనేది తెలిసుండాలి. అదేంటో ఇప్పుడు చూద్దాం.

ముందు బరువు లెక్క తేల్చుకోండి

చాలామంది ముందు ట్రైలర్ చేయించి, తర్వాత ఎంత పడితే అంత ఎక్కిస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది. పచ్చి కర్రలో నీరు ఎక్కువ. ఒక క్యూబిక్ మీటరు పచ్చి కలప సుమారు 900 కిలోలు ఉంటుందని లెక్క వేసుకోండి. చెట్టుని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ఈ లెక్కన 10 సెంటీమీటర్ల మందం, 2 మీటర్ల పొడవున్న దుంగ దాదాపు 14 కిలోలు. అలాంటివి 70 వేస్తే టన్ను. అదే 20 సెంటీమీటర్ల మందం ఉంటే ఒక్కో దుంగ 56 కిలోలకు పైమాటే. అంటే 18 దుంగలకే టన్ను దాటిపోతుంది. మందం రెట్టింపు అయితే బరువు నాలుగింతలు అవుతుందన్నమాట! చూపుకి కుప్ప చిన్నగానే ఉంటుంది, ఇరుసు మాత్రం వంగిపోతుంది. అందుకే ఒక టన్ను అనుకుంటే టన్ను దగ్గరే ఆగాలి.

ఖర్చు ఎక్కడ తగ్గించొచ్చు..?

దుంగలకు తొట్టి అక్కర్లేదు. అసలు పొదుపు ఇక్కడే. కింద రేకు వద్దు, పక్క డోర్లు వద్దు. ఉత్త చట్రం, దాని మీద రెండు పక్కలా నిలువు గుంజలు ఉంటే చాలు. గుంజలకు పాత జీఐ పైపులు కాకుండా మందమైన ఇనుప పైపులు వాడాలి. అవి సాకెట్‌లోంచి పైకి తీసేలా ఉంటే లోడ్ చేయడం, దించడం తేలిక.

చట్రానికి ఇనుము ఎంత పడుతుంది..? రెండు నిలువు ఛానళ్లు రెండున్నర మీటర్ల చొప్పున, నాలుగు అడ్డ ఛానళ్లు 1.2 మీటర్ల చొప్పున, ట్రాక్టర్‌కి తగిలించే ముందు భాగానికి రెండు మీటర్ల ముక్కలు రెండు. మొత్తం కలిపి 14 మీటర్ల లోపే. 100 ఎంఎం సీ-ఛానల్ మీటరుకు దాదాపు తొమ్మిదిన్నర కిలోలు తూగుతుంది. అంటే చట్రం మొత్తం సుమారు 130 కిలోల ఇనుము. దీన్ని మీ ఊరి రేటుతో గుణిస్తే ఖర్చు మీకే తెలిసిపోతుంది. తుప్పు పట్టని పాత ఛానల్ దొరికితే ఇంకా తగ్గుతుంది.

ఇక ఇరుసు. మీ ఇంటి వెనకో, పక్కింటి చావడి దగ్గరో మూలన పడున్న టైరు బండి ఉందా..? దాని ఇరుసు, చక్రాలు ఇలాంటి పనికి బాగా పనికొస్తాయి. బరువు మోయడానికే చేసినవి కాబట్టి గట్టిగానే ఉంటాయి. కాకపోతే అవి ఎద్దుల నడకకు సరిపడా చేసినవి. ట్రాక్టర్‌కి కట్టినా అదే స్పీడులో, స్లో గేర్‌లోనే నడపాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత జీపు వెనక ఇరుసులు కూడా దొరుకుతాయి. చిన్న కారు ఇరుసు చవగ్గా వస్తుంది కదా అని మాత్రం తెచ్చుకోవద్దు. అది ఆ కారు బరువులో తన వంతు మోయడానికే తయారైంది, టన్ను దుంగల కింద నిలబడదు.

కక్కుర్తి పడకూడని నాలుగు చోట్లు

1. హుక్, పిన్

ట్రైలర్‌ని ట్రాక్టర్‌తో కలిపేది ఒక్క పిన్. అది ఊడిందంటే టన్ను బరువు తన దారిన తాను పోతుంది. సైజుకి సరిపోయే పిన్ వేసి, కింద క్లిప్ తప్పకుండా పెట్టాలి. రాడ్డు ముక్క దూర్చేసి సరిపెట్టడం వద్దు. పిన్ పోయినా ట్రైలర్ విడిపోకుండా ఒక సేఫ్టీ గొలుసు వేయాలి.

ఇంకో ముఖ్యమైన విషయం. ట్రైలర్‌ని ట్రాక్టర్ కింద ఉన్న డ్రాబార్‌కే తగిలించాలి. వెనక ఇరుసు కంటే ఎత్తులో, టాప్ లింక్ దగ్గర కట్టి లాగితే ముందు చక్రాలు పైకి లేస్తాయి. ట్రాక్టర్ వెనక్కి తిరగబడి డ్రైవర్ మీదే పడే ప్రమాదం ఉంది. రెప్పపాటులో జరిగిపోతుంది, దూకే టైమ్ కూడా ఉండదు.

2. ఇరుసు పెట్టే చోటు, బేరింగులు

ఇరుసుని లోడ్‌కి సరిగ్గా మధ్యలో పెట్టకూడదు, కొంచెం వెనక్కి ఉండాలి. మొత్తం బరువులో దాదాపు పదో వంతు హుక్ మీద పడాలి. ఉదాహరణకి హుక్ నుంచి ఇరుసుకి మూడున్నర మీటర్లు ఉంటే, లోడ్ మధ్య భాగం ఇరుసుకి 35 సెంటీమీటర్ల ముందు ఉండాలి. అప్పుడు టన్ను లోడ్‌లో 100 కిలోలు హుక్ మీదకి వస్తాయి. వెనక బరువు ఎక్కువైతే హుక్ పైకి లేస్తుంది, ట్రాక్టర్ చక్రాలకు పట్టు పోతుంది, ట్రైలర్ పాములా ఊగుతుంది. మరీ ముందుకి ఎక్కువైతే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు.

బేరింగులు మాత్రం కొత్తవే వేయించండి, గ్రీజు నింపించండి. ఇరుసుకి మధ్యలో వెల్డింగ్ పెట్టించొద్దు. వేడికి ఇరుసు వంగొచ్చు, అక్కడే విరగొచ్చు. యు-బోల్టులతో బిగించడమే సేఫ్. హుక్ దగ్గర వెల్డింగ్ అయితే చేయి తిరిగిన వాళ్లే చేయాలి. పైన పూత పూసినట్టు కాకుండా లోపలిదాకా పట్టాలి.

3. బ్రేకు, కట్టుడు

బ్రేకు లేని ట్రైలర్‌ని ఆపాల్సింది ట్రాక్టరే. వాలులో వెనక బరువు ముందుకి తోస్తుంది, ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది. అందుకే లోడ్‌తో కలిపి ట్రైలర్ బరువు ట్రాక్టర్ బరువుని మించకూడదు. గట్టు దిగేటప్పుడు ముందే తక్కువ గేర్ వేసుకోవాలి. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలితే అంతే సంగతులు.

దుంగల్ని ట్రైలర్ పొడవునా పేర్చాలి. గుంజల ఎత్తు దాటకూడదు. ముందొకటి, వెనకొకటి గొలుసు వేసి బిగించాలి. కొంచెం దూరం వెళ్లాక కర్ర సర్దుకుని గొలుసు వదులవుతుంది, కాబట్టి ఆపి మళ్లీ బిగించాలి. ఇక దుంగల మీద మనుషులు కూర్చోవడం మన దగ్గర రోజూ కనిపించే సీనే. దయచేసి ఎవర్నీ ఎక్కించొద్దు, ముఖ్యంగా పిల్లల్ని.

4. లైట్లు, రిఫ్లెక్టర్లు

చీకట్లో ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీని వెనక నుంచి బైక్ ఢీకొట్టిందనే వార్త మేం ఎన్నిసార్లు రాశామో లెక్కే లేదు. దుంగల బండికి వెనక డోర్ కూడా ఉండదు, బైక్ మీద వచ్చేవాడికి నేరుగా ఎదురయ్యేది కర్ర మొనలే. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు, పక్కన పసుపు రిఫ్లెక్టివ్ టేపు, ట్రాక్టర్ బ్యాటరీ నుంచి వైరు లాగి రెండు టెయిల్ లైట్లు పెట్టించండి. ట్రైలర్ మొత్తం ఖర్చులో ఇది చాలా చిన్న భాగం. కానీ ఎవరి కొడుకో క్షేమంగా ఇంటికి చేరతాడు.

రోడ్డెక్కితే రూల్స్ ఏంటి..?

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనం కిందకే వస్తుంది. రోడ్డు మీద తిప్పాలంటే రిజిస్ట్రేషన్, బీమా ఉండాల్సిందే. రిజిస్ట్రేషన్ లేకుండా పట్టుబడితే మొదటిసారి 5 వేల రూపాయల దాకా జరిమానా ఉంది. ఓవర్‌లోడ్‌కి అయితే 20 వేలు, పైగా అదనపు టన్నుకి 2 వేల చొప్పున. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. బీమా లేని ట్రైలర్ వల్ల ఎవరికైనా ప్రమాదం జరిగితే పరిహారం యజమానే కట్టుకోవాలి. అప్పుడు మిగిలిన కిరాయి సంగతి దేవుడెరుగు, పొలం అమ్ముకోవాల్సి వస్తుంది.

కాబట్టి షాపులో చేయించిన ఈ ట్రైలర్‌ని తోట నుంచి లారీ ఆగే చోటు దాకా పొలం పనికే పెట్టుకోండి. అక్కడి నుంచి మిల్లుకి లారీయో, రిజిస్ట్రేషన్ ఉన్న ట్రాలీయో చూసుకోండి. రోడ్డు మీదకి తేవాలన్న ఆలోచన ఉంటే ఇనుము కొనకముందే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లి అడగండి. టేకు లాంటి కలప అయితే బండి సంగతి పక్కన పెట్టి, ముందు అటవీ శాఖ రవాణా పర్మిట్ తీసుకోవాలి.

చివరిగా ఒక్క మాట. ట్రైలర్ తయారయ్యాక మొదటి రోజే ఫుల్ లోడ్ ఎక్కించొద్దు. సగం లోడ్‌తో పొలంలోనే రెండు మూడు ట్రిప్పులు తిప్పండి. తర్వాత హబ్‌ల మీద చేయి పెట్టి చూడండి, కాలుతుంటే బేరింగు బిగువు సరిగ్గా లేనట్టే. వెల్డింగ్ అతుకుల్లో సన్నటి గీతలు కనిపిస్తే అక్కడితో ఆపేసి, మళ్లీ షాపుకి తీసుకెళ్లండి. రోడ్డు దాకా కర్ర చేరడం ఒక రోజు లేటైనా పర్లేదు, నడిపే మనిషి ఇంటికి చేరడం ముఖ్యం.