మంచు బండి ఎందుకు తడబడుతుంది?

కెనడా చలిలో స్నోమొబైల్ ఇంజిన్ టప్‌టప్‌మని తడబడితే ముందు స్పార్క్ ప్లగ్ విప్పాలి. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో, మన పాత స్కూటర్లలో లాగే, పెట్రోలుతోపాటు ఆయిల్ కూడా మండుతుంది. ఆ కథంతా ప్లగ్ కొన మీదే కనిపిస్తుంది.

లేత గోధుమరంగులో పొడిగా ఉంటే మంట బాగున్నట్టే. నల్లగా, జిడ్డుగా ఉందా? ఆ మసి గుండా కరెంటు జారిపోయి నిప్పురవ్వ పుట్టడం లేదన్నమాట. తెల్లగా ఉంటే మాత్రం బండి ఆపేయండి, గాలికి తగినంత పెట్రోలు అందక ఇంజిన్ మరీ వేడెక్కుతోంది! చలిగాలి చిక్కన, అందులో ఆక్సిజన్ ఎక్కువ, కాబట్టి పెట్రోలూ ఎక్కువ కావాలి. కార్బ్యురేటర్ జెట్‌లో నలుసు అడ్డుపడి పెట్రోలు తగ్గితే పిస్టన్ కరిగిపోవచ్చు.

రెండు సిలిండర్ల బండి అయితే నాకెంతో ఇష్టమైన పరీక్ష ఒకటుంది. ప్లగ్‌లు అటుది ఇటు, ఇటుది అటు మార్చి బిగించండి. తడబాటు కూడా పక్క సిలిండర్‌కు మారితే దోషం ప్లగ్‌దే. మారకపోతే వైరు, కాయిల్, కార్బ్యురేటర్‌లలో దోషం వెతకాలి.