వాగులో ట్రౌట్ చేపల జనాభా పర్యవేక్షణ

ఒక వాగులో చేపలు తగ్గినప్పుడు, హేచరీలో పెంచిన చేపలను తెచ్చి వదలడం సులభమైన పరిష్కారంగా తోస్తుంది. అలా వదిలితే చేపలు నిజంగా పెరుగుతాయా? దీనికి జవాబు చెప్పాలంటే చేపలను లెక్కించాలి. ఎలా లెక్కిస్తారో, ఆ లెక్క ఏం చెబుతుందో ఈ భాగంలో తెలుసుకుందాం.

రెండు వర్గాలు

వాగులోనే గుడ్డు నుంచి వెలువడి పెరిగినవి సహజ ట్రౌట్. హేచరీలో పెంచి వాగులో వదిలినవి విడుదల ట్రౌట్. సహజ ట్రౌట్ స్థానిక జాతే కానక్కర లేదు. అమెరికా వాగుల్లో నేడు సహజంగా పెరిగే బ్రౌన్ ట్రౌట్ పూర్వీకులను 19వ శతాబ్దంలో ఐరోపా నుంచి తెచ్చారు. రెండు వర్గాలనూ గుర్తించడానికి, వదిలే ముందు హేచరీ చేపల వీపుపై తోకకు దగ్గరగా ఉండే చిన్న కొవ్వు వాజాన్ని కత్తిరిస్తారు.

లెక్కించే పద్ధతి

వాగులో కొంత భాగాన్ని ఎంచుకొని నీటిలోకి నియంత్రిత విద్యుత్తును పంపుతారు. దీన్ని ఎలక్ట్రోఫిషింగ్ అంటారు. కొద్దిసేపు స్తంభించిన చేపలను వలతో తీసి పొడవు, బరువు కొలుస్తారు. వయసు తెలుసుకోవడానికి కొన్ని పొలుసులు తీసుకుంటారు. తోక వాజం అంచును కొద్దిగా కత్తిరించి, ఆ గుర్తుతో చేపలను తిరిగి వదులుతారు. కొన్ని రోజుల తర్వాత మళ్లీ పడతారు.

జనాభా = (మొదట గుర్తుపెట్టినవి × రెండోసారి పట్టినవి) ÷ రెండోసారి పట్టినవాటిలో గుర్తున్నవి

ఉదాహరణకు, 200 చేపలకు గుర్తు పెట్టాం. రెండోసారి 180 పట్టాం. వాటిలో 40కి గుర్తు ఉంది. అప్పుడు జనాభా అంచనా 200 × 180 ÷ 40 = 900.

ఈ అంచనా సరైనది కావాలంటే, రెండు పట్టుబడుల మధ్య చేపలు ఆ భాగంలోకి రాకూడదు, బయటికి పోకూడదు, గుర్తులు చెరిగిపోకూడదు, ప్రతి చేపకూ పట్టుబడే అవకాశం సమానంగా ఉండాలి. అంచనాను వర్గాలవారీగా వేయడం ముఖ్యం. సహజ చేపలు తగ్గిన మేరకు విడుదల చేపలు చేరితే మొత్తం మారదు, నష్టం కనిపించదు.

ఓడెల్ క్రీక్ అనుభవం

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో 1967 నుంచి 1976 వరకు రిచర్డ్ విన్సెంట్ అనే మత్స్య శాస్త్రవేత్త మాడిసన్ నదిలోనూ, దాని ఉపనది ఓడెల్ క్రీక్‌లోనూ ఇటువంటి అధ్యయనం చేశారు. ఓడెల్ క్రీక్‌లో పట్టుకోదగిన పరిమాణం గల హేచరీ రెయిన్‌బో ట్రౌట్‌ను మూడేళ్లు వదిలాక, రెండేళ్లు, అంతకు పైబడిన సహజ బ్రౌన్ ట్రౌట్ సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. మాడిసన్ నదిలో విడుదల ఆపిన భాగంలో సహజ ట్రౌట్ బాగా పెరిగింది.

ఇందుకు ఒక వివరణ ఉంది. వాగులో ప్రతి ట్రౌట్ ఆహారం, మరుగు దొరికే చోటును తనదిగా కాపాడుకుంటుంది. ఒక్కసారిగా గుంపు వచ్చి పడితే ఈ అమరిక చెదిరి, చేపల శక్తి పోట్లాటలకు ఖర్చవుతుంది.

సహజ ట్రౌట్ ఉన్న నదుల్లో హేచరీ చేపలను వదలడాన్ని మోంటానా 1974లో ఆపివేసింది. చేపలు కలిపితే చేపలు పెరుగుతాయన్న నమ్మకాన్ని ఈ లెక్కలే మార్చాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 150 చేపలకు గుర్తు పెట్టారు. రెండోసారి 120 పట్టగా 30కి గుర్తు ఉంది. జనాభా ఎంత?
2. మొత్తం సంఖ్య ఒక్కటే చూస్తే ఎందుకు పొరబడతాం?

జవాబులు: 1. 600. 2. సహజ చేపల తగ్గుదలను విడుదల చేపలు కప్పివేయవచ్చు.