చేదుకట్టుకీ తెగింపుకీ ఏం సంబంధం?

మా అక్క కూతురు ఇంగ్లిషు నవల చదువుతూ వంటింట్లోకి వచ్చింది. "పిన్నీ, పాత బాకీ తీర్చకుండా మళ్ళీ అప్పడగడానికి వచ్చినవాణ్ణి 'వాడికెంత గాల్!' అంటున్నారు. గాల్ అంటే పిత్తం కదా?"

నేనప్పుడు బొచ్చె చేప కడుగుతున్నాను. కార్జానికి అంటుకున్న చిన్న ఆకుపచ్చ తిత్తిని చూపించాను. అది చిట్లితే కూరంతా చేదు. అందుకే మనకది చేదుకట్టు. ఇంగ్లిషువాళ్ళ పేరు రంగుని బట్టి వచ్చింది. గాల్, ఎల్లో, పిత్తానికి గ్రీకు మాట ఖోలే, మూడూ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. కొలెస్ట్రాల్ కూడా ఆ ఖోలే ఇంటిదే. దాన్ని మొదట కనుక్కున్నది పిత్తాశయపు రాళ్ళలోనే మరి.

సరే, పొగరెలా అయింది? ఒంట్లో నెత్తురు, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం ఉంటాయనీ, పసుపు పిత్తం ఎక్కువైతే మనిషి కోపిష్ఠి అవుతాడనీ గ్రీకు వైద్యులు చెప్పారు. యూరప్ ఆ మాటను వెయ్యేళ్ళకు పైగా నమ్మింది. దాంతో గాల్‌కి మనసులోని చేదు, కసి అనే అర్థాలు పట్టాయి.

ఇక్కడ పావురం కథ చెప్పాలి. పావురానికి చేదుకట్టు లేదు, అందుకే అంత సాధువు అని అక్కడి పాత నమ్మకం. సాధుత్వం మాటెలా ఉన్నా, దానికి పిత్తాశయం లేనిమాట నిజం. పిత్తం కార్జం నుంచి నేరుగా పేగులోకి పోతుంది. షేక్‌స్పియర్ 1600 ప్రాంతంలో రాసిన నాటకంలో, తండ్రిని చంపినవాడి మీద పగ తీర్చుకోలేని హామ్లెట్ తనను తాను తిట్టుకునేది ఈ లోపాన్ని ఎత్తిచూపుకునే. అంటే అప్పటికే గాల్ లేకపోవడమంటే పౌరుషం లేకపోవడం. పౌరుషం హద్దు దాటితే తెగింపు, సిగ్గు విడిచిన తెగింపు. నాకు తోచిన దారి ఇదే. ఈ చివరి అర్థం 19వ శతాబ్దం చివర అమెరికాలో వాడుకకెక్కింది. మనం కళ్ళెర్రజేసి "ఎంత ధైర్యం!" అంటామే, అదే స్వరం.

నిఘంటువులో ఇంకో గాల్ కూడా కనబడుతుంది. అది లాటిన్ మాట, దీనికి చుట్టం కాదు. ఓక్ చెట్టు మీద ఒక రకం కందిరీగ గుడ్డు పెడితే లేచే బుడిపె అది. మన మూలికల అంగట్లో మాచికాయ. దాని వగరుకి అన్నభేది కలిపి యూరప్‌లో శతాబ్దాలపాటు సిరా చేసుకున్నారు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనప నీళ్ళు తగలగానే గీత నల్లబడేదీ ఇలాగే.

"మరి మనకి పిత్తం ఎటు పోయింది?" అంది.

తలకెక్కింది. పిత్తం నుంచి వచ్చిన పైత్యం మన వాడుకలో పిచ్చి చేష్ట అయింది. పొగరుకి మనం వేరే చోటు వెతుక్కున్నాం: ఒళ్ళు కొవ్వెక్కడం, కండకావరం.

"అయితే ఆ అప్పులాయనకి కొవ్వన్నమాట" అంటూ మళ్ళీ పుస్తకం తెరిచింది.