మీకు తెలుసా? స్కోరు చీటీలో రాజీనామా

అమెరికా ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ రాజీనామా చేశారన్న కబురు 1973 అక్టోబరు 10న ఆ దేశ సుప్రీంకోర్టు బెంచి మీదికి బేస్‌బాల్ స్కోరు చీటీలో చేరింది!

వాదనలు వింటున్న జస్టిస్ పోటర్ స్టివార్ట్ సిన్సినాటి రెడ్స్ జట్టుకు వీరాభిమాని. ఆ రోజు న్యూయార్క్ మెట్స్‌తో రెడ్స్‌కు చావోరేవో మ్యాచ్. ఆట ఎలా సాగుతోందో ఎప్పటికప్పుడు రాసి పంపమని తన క్లర్కులకు ముందే చెప్పారాయన. అలా వచ్చిన ఒక చీటీలో రెండే ముక్కలు. మొదటిది, మెట్స్ ఆటగాడు క్రేన్‌పూల్ బంతిని కుడివైపు గాల్లోకి లేపాడని. రెండోది, ఆగ్న్యూ రాజీనామా. అవును, ఆటే ముందు!

ఆ రోజు స్కోరుతో పాటు రాజీనామా కబురూ ఉన్న ఒక చీటీని తోటి జడ్జి హ్యారీ బ్లాక్‌మన్ పారేయకుండా దాచారు. ఎంత మంచి పని చేశారో! ఆయన కాగితాలన్నీ ఇప్పుడు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. మ్యాచ్ మాత్రం రెడ్స్ 7-2తో ఓడిపోయింది.